చౌక సమాచారం – కొనే ముందు నాలుగు ప్రశ్నలు

నేటి పోటీ ప్రపంచంలో సమాచారానికి ఎంతో విలువ ఉంది. అందుకే దాన్ని అమ్మేవారూ పెరిగారు. చౌకగా దొరికే సమాచారం నిజంగా పనికొస్తుందా? ఇది తేల్చుకోవడానికి ఇంటర్నెట్ వేలంపాటల అనుభవం ఉపయోగపడుతుంది.

1995లో అమెరికాలో పియరీ ఒమిడ్యార్ ప్రారంభించిన వేలం సైటే తర్వాత 'ఈబే' అయింది. అక్కడ వస్తువులతో పాటు కంప్యూటర్ ఫైళ్లుగా ఉండే 'ఈ-బుక్స్' కూడా వేలానికి వచ్చేవి. కొన్నింటి ధర ఒక్క సెంటే, అంటే డాలరులో నూరోవంతు! మరి అమ్మేవాడికి ఏమి లాభం? అక్కడ ప్రతి కొనుగోలు తర్వాత అమ్మినవారికి మంచి, చెడు అని మార్కు వేస్తారు. మంచి మార్కులు ఎక్కువున్న వారినే జనం నమ్ముతారు. కొందరు పుస్తకం పేరుతో ఆ మార్కులు కూడగట్టుకున్నారు. అందుకే 2008 మార్చిలో డౌన్‌లోడ్ సరుకును ఈబే వేలం నుంచి తప్పించింది.

భారతదేశంలో ఈబే సైటు 2018లో మూతపడినా, ఆ తీరు మాత్రం పోలేదు. 'కొద్ది రూపాయలకే వేల ప్రశ్నలు' అంటూ నేడు మన ఫోన్లకే ప్రకటనలు వస్తున్నాయి. కొనే ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుందాం.

1. ఉచితంగా దొరుకుతుందా? ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, యూపీఎస్సీ పాత ప్రశ్నపత్రాలు ఆయా సంస్థల సైట్లలోనే ఉచితంగా ఉన్నాయి.

2. ఎవరు రాశారు? పేరు లేని నోట్సులో తప్పుంటే ఎవరిని అడుగుతాం?

3. ఎప్పుడు రాశారు? 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అంతకు ముందటి నోట్సులో పాత లెక్కే ఉంటుంది. ఒక్క మార్కుతో ఉద్యోగం చేజారవచ్చు.

4. చదవడానికి ఎన్ని రోజులు పడుతుంది? డబ్బు తక్కువే కావచ్చు, పోయిన రోజులు తిరిగి రావు.

చౌకైనదంతా చెడ్డదని మేము అనడం లేదు. రాసినవారి పేరు ఉండి, జవాబులకు వివరణ ఉండి, ముందుగా కొన్ని పేజీలు చూడనిస్తే తప్పక కొనవచ్చు.

మనలో చాలామంది ఇళ్లలో మనకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు. ఏది చదవాలో చెప్పేవారు లేనప్పుడు ప్రకటనే సలహాలా కనిపిస్తుంది. కనుక పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా విన్నపం: మీకు ఉపయోగపడిన పుస్తకాల పేర్లు హాస్టల్ నోటీసు బోర్డుకు రాసి పంపండి. మీ ఆ ఒక్క కాగితం తమ్ముళ్ల, చెల్లెళ్ల డబ్బునూ కాలాన్నీ కాపాడుతుంది.