నాలుగు పెట్టి మూడు రాబట్టడం

అలిపిరి మెట్లదారిన కొండెక్కి వచ్చినవాళ్లకి రెండ్రోజులపాటు పిక్కలు పట్టేసి ఉంటాయి. 3,550 మెట్లు మరి! ఇంటర్ పిల్లలకి పని, శక్తి పాఠం మొదలుపెట్టినప్పుడల్లా నేను ముందు ఈ లెక్కే వేయించేవాణ్ని. అరవై కిలోల మనిషి, ఎత్తు సుమారు 700 మీటర్లు, గురుత్వ త్వరణం 9.8. మూడూ గుణిస్తే 4 లక్షల 11 వేల జౌళ్లు. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. గోవింద నామాలు చెప్పుకుంటూ, చెమటలు కక్కుకుంటూ మనం పైకి చేర్చిన స్థితిజశక్తి యూనిట్‌లో తొమ్మిదో వంతుకి కాస్త అటూ ఇటూ.

"ఇంతేనా సార్!" అని నీరుగారిపోయేవాళ్లు. ఒళ్లు నిజంగా ఖర్చుపెట్టేది దీనికి నాలుగైదు రెట్లుంటుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. అదీ కలుపుకున్నా యూనిట్ నిండదు. ఫ్యాను వేసి మర్చిపోయి ఊరెళ్లేవాళ్లకి ఈ లెక్క చెప్పాలనిపిస్తుంది నాకు.

ఇది ఒంటబట్టాక శ్రీశైలం చూడాలి. జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. దిగువన నాగార్జునసాగర్ నిండితే 590 అడుగులు, దాని వెనక నీళ్లు శ్రీశైలం ఆనకట్ట కింది దాకా తన్నుకొస్తాయి. ఈ రెంటి మధ్య తేడా 295 అడుగులు, అంటే 90 మీటర్లు. ఆ ఎత్తు నుంచి దిగే నీళ్లు ఒక యూనిట్ కరెంటివ్వాలంటే, యంత్రాల్లో పోయేది పోగా, దాదాపు 4,500 లీటర్లు కావాలి. అదే యూనిట్ థర్మల్ కేంద్రంలో సుమారు 700 గ్రాముల బొగ్గుతో వచ్చేస్తుంది. బరువుకి బరువు చూస్తే బొగ్గు ముందు నీళ్లు ఏ మూలకీ రావు. కృష్ణమ్మ నెగ్గుకొచ్చేది పరిమాణంతో. ఒక్క టీఎంసీ నీళ్లు ఆ ఎత్తు దిగితే 60 లక్షల యూనిట్లకి పైమాటే.

వరదలప్పుడు గేట్లెత్తితే చూడ్డానికి జనం ఎగబడతారు. నేనూ వెళ్తాను, కాదనను. గాలి రాపిడి వదిలేస్తే, 90 మీటర్లు పడిన నీటిబొట్టు వేగం గంటకి 150 కిలోమీటర్లు దాటుతుంది. స్థితిజశక్తి అంతా గతిజశక్తి అయిందన్నమాట. కింద బండకి కొట్టుకున్నాక ఆ శక్తి ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. కాస్త చప్పుడైంది, మిగిలింది నీటిని ఓ 0.2 డిగ్రీలు వేడెక్కించింది. ఆ వేడిని పోగుచేసి మళ్లీ బల్బు వెలిగించడం మాత్రం ఎవరి తరమూ కాదు.

బొగ్గుదీ అదే కథ. కాల్చిన బొగ్గుని తిరిగి బొగ్గు చేయలేం. టర్బైన్ దాటిన నీళ్లని మాత్రం మళ్లీ పైకి ఎక్కించొచ్చు. శ్రీశైలం ఎడమగట్టున, భూగర్భంలో ఉన్న ఆరు యంత్రాలు అందుకోసమే పెట్టినవి. ఒక్కోటి 150 మెగావాట్లు, మొత్తం 900. ఒక దిక్కున తిరిగితే టర్బైన్, కరెంటిచ్చి వెనక్కి తిప్పితే అదే పంపు. సాగర్ ప్రధాన కేంద్రంలోని ఎనిమిదిట్లో ఏడు యంత్రాలూ ఈ రకమే.

ఇక్కడే క్లాసులో ఎవడో ఒకడు లేచేవాడు. "ఎక్కించడానికి నాలుగు యూనిట్లు ఖర్చయి, దించితే మూడే వస్తే, మరి ఎందుకు సార్ ఈ తిప్పలు?" ఏటా ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉండేవాణ్ని. రాపిడి తన వాటా తను తీసుకుంటుంది, నాలుగు పెడితే నాలుగూ రావు. కానీ యూనిట్లన్నీ ఒక్క ధర పలకవురా అబ్బాయ్! మామూలు రోజున మూర మల్లెపూలకీ, శ్రావణ శుక్రవారం ముందురోజు మూరకీ ధరలో ఎంత తేడా! మిట్టమధ్యాహ్నం ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు మీద ఎండ దంచేస్తుంటుంది. సాయంత్రం ఏడింటికి ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు ఒక్కసారి మొదలవుతాయి, అప్పటికి సూర్యుడు ఉండడు. మధ్యాహ్నపు మిగులుతో నీళ్లెక్కించి పెట్టుకుంటే రాత్రికి పనికొస్తాయి. పావు వంతు నష్టం ఆ నిలవకి కట్టే అద్దె.

ఆ మాటకొస్తే శ్రీశైలం నీళ్లని మొదట పైకి ఎక్కించిందీ సూర్యుడే. సముద్రంలోంచి ఆవిరి చేసి లేపి, మహాబలేశ్వరం కొండల మీద కురిపించాడు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఆ పని మనిషి చేస్తున్నాడు. నదికి అడ్డకట్ట లేదు. పైన ఒక జలాశయం, కింద ఒకటి కట్టి, ఉన్న నీళ్లనే కిందికీ మీదికీ తిప్పుతారు. 1,680 మెగావాట్ల ప్రాజెక్టు. ఆవిరైపోయినంత మేర కొత్త నీళ్లు పోసుకుంటే చాలు.

కాకపోతే దీనికి కొండ ఉండాలి, కొండ పక్కనే పల్లం ఉండాలి, రాయి గట్టిదై ఉండాలి. రాయలసీమకీ నల్లమలకీ ఆ మూడూ ఉన్నాయి. కోనసీమలో ఎన్ని నీళ్లున్నా ఏం లాభం? కొబ్బరిచెట్టే అక్కడ ఎత్తైన చోటు. వాళ్లు బ్యాటరీలు కొనుక్కోవాల్సిందే.