తెర కట్టి చూడు!

అర్ధరాత్రి! జమీందారుగారి హాలు! రెండు వైపుల నుంచీ వంపు తిరిగి దిగే మెట్లు! కిటికీకి నిలువెత్తు ముఖమల్ తెర! విలన్‌గారు ఇనప్పెట్టె తాళం తీయబోతూండగా ఎవరో వస్తున్న అలికిడి... అంతే! ఒక్క గెంతు గెంతి తెర వెనక్కి దూరిపోతాడు. కెమెరా నెమ్మదిగా కిందికి దిగుతుంది. తెర అడుగున తళతళలాడుతూ రెండు బూట్లు! "ఒరేయ్, బూట్లురా బూట్లు!" అని నేల క్లాసు నేల క్లాసంతా హీరోకి కేకలు!

ఆ విలన్ ఎందుకు పట్టుబడ్డాడనుకున్నారు? హీరో తెలివికా? పాడా! టైలరు నాలుగంగుళాలు గుడ్డ తక్కువ కుట్టినందుకు! ఎన్నో సినిమాలు చూసి కూడా ఈ రహస్యం నాకు తట్టలేదు. పలివెలలో మా పెద్దమ్మగారి హాలుకి కర్టెన్లు కట్టించే పనిలో ఇరుక్కున్నాక గానీ తెలిసి రాలేదు.

పలివెల తెలుసు కదా? రావులపాలెం దాటి అమలాపురం వెళ్ళే దారిలో కొత్తపేట దగ్గర ఊరు. అక్కడి శివుడు కొప్పులింగేశ్వరుడు. లింగానికి కొప్పేమిటంటారా? కథ అలాంటిది మరి. స్వామికి వేయాల్సిన పూలదండ ముందు తను మనసుపడ్డ ఆవిడ జడలో పెట్టి, తర్వాత గుడికి తెచ్చేవాడట పూజారి. ఓ రోజు రాజుగారికిచ్చిన ప్రసాదంలో వెంట్రుక కనపడింది. "స్వామివారిదేనండి" అన్నాడు పూజారి ప్రాణభయంతో. "అయితే చూపించు" అన్నాడు రాజు. తెల్లవారేసరికి భక్తుణ్ణి కాపాడడానికి స్వామికి కొప్పు మొలిచిందిట! (సినిమాకి పనికొచ్చే కథ కాదూ!)

సరే, మన కథలోకి వద్దాం. పెద్దమ్మగారిది ఒకప్పుడు మండువా లోగిలి. ఇప్పుడు డాబా. ఇంటిల్లిపాదీ కూచునేది ఒక్క హాల్లోనే. పడమటి గోడకి నాలుగడుగుల కిటికీ, దానికెదురుగా తూర్పు గోడకి టీవీ. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఎండ సూటిగా వచ్చి టీవీ మీద పడుతుంది. హీరోయిన్ మొహం స్థానంలో కిటికీ ఊచలు కనపడతాయి! కిటికీ పక్కన పెద్దమ్మగారి అత్తగారి కుర్చీ. ఎనభై దాటిన మనిషి. ఒక కంటికి శుక్లం తీయించారు, రెండోది తీయించాలి. ఆ కిటికీలోంచి గుడికి ఎవరు వెళుతున్నారో, ఎవరి చీర కొత్తదో చూస్తూ కూచోవడమే ఆవిడకి మార్నింగ్ షో, మ్యాట్నీ!

పెద్దమ్మగారి చిన్నకొడుకు వీర సినిమా భక్తుడు. ఆదివారం టీవీలో సినిమాకి అడ్డొస్తోందని బజారుకెళ్ళి రెడీమేడ్ పాలిస్టరు కర్టెన్లు తెచ్చేశాడు. దళసరివి, గోధుమ రంగువి, నేల మీద జానెడు పొర్లేవి. హాలు నిజంగానే సినిమా హాలైపోయింది. సాయంత్రం మామ్మగారు మంచినీళ్ళకి లేచారు. ఆ మసక చీకట్లో పొర్లుతున్న అంచు కాలికి చుట్టుకుంది. పడ్డారు. అదృష్టం బాగుండి కుర్చీ చెయ్యి దొరికింది కాబట్టి మణికట్టు వాపుతో సరిపోయింది.

ఎవర్నీ ఒక్క మాట అనలేదావిడ. మర్నాడు మాత్రం తన కుర్చీ వీధి అరుగు మీదికి మార్పించుకున్నారు. కర్టెన్లు ఊడదీసినా లోపలికి రారు. "పిల్లల సరదా పిల్లల్ని పడనివ్వండే" అంటారు, ఎండలో కళ్ళు చికిలిస్తూ. పైగా పది రోజుల్లో ఆ ఇంట్లో అమ్మాయికి పెళ్ళిచూపులు!

పెద్దమ్మగారు నాకు కబురు పెట్టారు. "సినిమా పత్రికల్లో రాస్తావు కదరా అబ్బాయ్, ఆ సెట్టింగులూ అవీ చూసుంటావు. ఏదైనా ఉపాయం చెప్పు. అత్తయ్యగారు లోపలికి రావాలి, ఇదుగో వీడికి సినిమా కనపడాలి, వచ్చేవాళ్ళకి హాలు చూడముచ్చటగా ఉండాలి. మీ పెదనాన్నగారు ఎక్కువ ఖర్చు పెట్టరు."

నాలుగు ముక్కల్లో స్క్రీన్‌ప్లే అంతా చెప్పేశారు!

సెట్టింగు వేరు, ఇల్లు వేరు

'మాయాబజార్' (1957) లాంటి విజయావారి చిత్రాలకి కళాదర్శకులు గోఖలే, కళాధర్. నలుపు తెలుపుల్లో చీరా, గోడా, తెరా అన్నీ బూడిద రంగు ఛాయలే కదా! తెల్లగుడ్డ లైట్లకి మరీ మెరిసిపోతుందని కాస్త రంగు నీళ్ళలో ముంచి వాడడం ఆనాటి స్టూడియోల అలవాటు. 'లవకుశ' (1963) పూర్తి రంగుల్లో వచ్చాక తెరల రంగుకి విలువ వచ్చింది. అయితే సెట్టింగులో తెర వెనక లైటు ఎక్కడుండాలో కెమెరామాన్ ఇష్టం. మన ఇంట్లో లైట్‌మాన్ సూర్యుడు. ఆయన మన మాట వినడు!

అన్నట్టు, బాపుగారి మొదటి సినిమా 'సాక్షి' (1967) తీసింది ఈ చుట్టుపక్కలే, ఆత్రేయపురం దగ్గర పులిదిండిలో. స్టూడియో వదిలి నిజమైన ఊళ్ళోకి వచ్చి తీసిన సినిమా. మన ఊరి ఇళ్ళు సెట్టింగులకేమీ తీసిపోవని అప్పుడే తేలిపోయింది.

తెర మనకి కొత్తా? నైవేద్యం వేళ గర్భగుడికి తెర. పెళ్ళిపీటల మీద వధూవరుల మధ్య అడ్డుతెర, జీలకర్రా బెల్లం పెట్టేదాకా! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు మొదలెట్టిన సురభి నాటకాలకి రంగురంగుల తెరలే సగం ప్రాణం. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముందు మొహం చూపించదు, తెర మీదుగా జడ వేస్తుంది! వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషం కడితే జడ చూసే జనం మైమరచిపోయేవారు. కొప్పున్న దేవుడి ఊళ్ళో ఈ మాట చెబితే మామ్మగారు అరుగు మీంచే నవ్వారు.

గుడ్డ ఏది?

కోనసీమ గాలికి తేమ ఎక్కువ. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, కింద సముద్రం. వర్షాకాలంలో ముఖమల్ లాంటి బరువు గుడ్డ కడితే ఆరదు, బూజు వాసన కొడుతుంది. పాలిస్టరు రంగు పోదు, ముడతపడదు, నిజమే. కానీ దళసరి రకం కడితే గాలి ఆడదు. నా ఓటు నూలుకే.

నూలులోనూ పెడన కలంకారీ. మచిలీపట్నం పక్క ఊరు. కరక్కాయ, పాలు కలిపి పట్టించిన గుడ్డ మీద చెక్క అచ్చులతో అద్దుతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టి నలుపు తీస్తారు. పటికతో ఎరుపు నిలబెడతారు. ఈ కోస్తా అద్దకం గుడ్డలు 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ ఓడల్లో పట్టుకుపోతే అక్కడి దొరసానులు మంచాలకి తెరలు కట్టుకుని మురిసిపోయారు. ఎంతగానంటే, అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు! ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డల్ని నిషేధించి 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపుతూ చట్టం చేసి, 1721లో వాడకమే కూడదంది. మన కిటికీ గుడ్డకి అంత చరిత్ర! దాన్ని వదిలి మెరిసే పాలిస్టరు తెచ్చుకుంటామా?

ఒక్క చిక్కుంది. సహజమైన రంగులు పడమటెండకి వెలిసిపోతాయి. అందుకని వెనక తెల్ల గాడా గుడ్డ లైనింగు వేయించాలి. వేడీ కాస్త తగ్గుతుంది.

పెద్దమ్మగారికి నరసాపురం లేసు మీద మోజు. వశిష్ఠ దాటితే నరసాపురమే. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటిపనులు ముగించుకుని ఆడవాళ్ళు కొక్కెంతో అల్లే లేసు అది. వాళ్ళకి దక్కే కూలి ఎంత తక్కువో 1982లోనే మరియా మీస్ అనే ఆవిడ ఏకంగా పుస్తకమే రాసింది. బేరమాడబోయిన పెద్దమ్మగారికి ఈ సంగతి చెప్పాను. "అయితే అడిగినంతా ఇచ్చెయ్యండి" అన్నది పెళ్ళికూతురు. ఆ పిల్ల నాకు అప్పుడే నచ్చింది.

లెక్క తప్పితే బూట్లు కనపడతాయి

ముందు పైసా ఖర్చులేని పని చేశాం. టీవీని తూర్పు గోడ నుంచి ఉత్తరపు గోడకి మార్చాం. సగం ఎండ బాధ అక్కడే తీరిపోయింది! కర్టెన్లు కొనబోయే ప్రతివాళ్ళూ ముందు ఇది చేసి చూడండి.

కిటికీ నాలుగడుగులు. రాడ్డు మాత్రం చెరో వైపూ తొమ్మిదేసి అంగుళాలు ఎక్కువ పెట్టించాం. ఎందుకంటారా? తెర పక్కకి లాగితే గోడ మీదికి పోవాలి. కిటికీ మొత్తం మామ్మగారిది కావాలి. అంటే రాడ్డు అయిదున్నర అడుగులు, 66 అంగుళాలు. చీరకి కుచ్చిళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో కర్టెనుకీ అంతే. రాడ్డుకి రెట్టింపు గుడ్డ ఉండాలి. కలంకారీ పన్నా 45 అంగుళాలు. మూడు పన్నాలు కలిపితే 135. సరిపోయింది! రెక్కకి పన్నాన్నర.

పొడుగు సంగతి. కిటికీ పైన ఆరంగుళాలు వదిలి రాడ్డు. అది నేలకి ఏడున్నర అడుగులు, 90 అంగుళాలు. రోజూ తడిగుడ్డ పెట్టే ఇల్లు, పైగా మామ్మగారి కాలికి తగలకూడదు. నేలకి అంగుళం ఎడం వదిలితే 89. పైన మడతకి 4, కింద మడతకి 6 కలిపితే 99 అంగుళాలు. మూడు పన్నాలకి 297. అంటే ఏడున్నర మీటర్ల పైచిలుకు. నూలు తడిస్తే ముడుచుకుంటుంది కనక ఎనిమిది మీటర్లు కొన్నాం. అద్దకం పెద్ద పెద్ద పూలైతే అతుకుల దగ్గర పువ్వుకి పువ్వు కలవాలి, ఇంకో అరమీటరు ఎక్కువ కావాలి. మావి చిన్న పూలు.

తెర ఒక్కటే కాదు, రెండు! ఊచల పక్కన స్ప్రింగు వైరు మీద ఆత్రేయపురం పూతరేకంత పలచటి తెల్ల మల్లుగుడ్డ, దానికి లేసు అంచు. పగటిపూట వెలుతురు బయట ఎక్కువ కాబట్టి లోపలివాళ్ళు వీధిలోకి చూడొచ్చు, వీధిలోవాళ్ళకి లోపల కనపడదు. రాత్రి లైటు వేస్తే ఈ వ్యవహారం తలకిందులు! అప్పుడు కలంకారీ తెర దగ్గరికి లాక్కోవాలి.

రాడ్డు బిగించడానికి వచ్చినాయన గోడ తట్టి చూసి "ఆయ్! ఇక్కడ లింటలండి బాబూ, మేకు దిగదండి. మిషను పెట్టాలండి" అన్నాడు. పెట్టాడు. రసమట్టం పెట్టి చూశాకే గుర్తులు గీశాడు. ఇంటి కప్పునీ కిటికీ చట్రాన్నీ నమ్ముకుంటే రాడ్డు ఒక పక్కకి ఒరిగిపోతుందట. అయిదడుగులు దాటిన రాడ్డుకి మధ్యలో కూడా బ్రాకెట్టు వేయించుకోండి, లేకపోతే నాలుగు నెలల్లో ఊయల అవుతుంది. ఇనపది వద్దు, ఈ గాలికి తుప్పు పట్టి గుడ్డకి మరక అంటుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వేయించాం.

ఇక అసలు ట్విస్టు! గుడ్డని ముందు తడిపి ఆరేసి కత్తిరించమని టైలరుకి రెండుసార్లు చెప్పాను. ఆయన అలాగేనన్నాడు. పెళ్ళిచూపుల హడావుడిలో తడపకుండానే కుట్టేశాడు! నాకు తెలిస్తే ఒట్టు. హాలు కళకళలాడింది. మగపెళ్ళివారొచ్చారు, కాఫీలు తాగారు, సంబంధం కుదిరింది. అందులో కర్టెన్ల వాటా ఎంతో చెప్పలేను గానీ, అబ్బాయి తల్లిగారు అంచు పట్టుకుని చూసి "పెడనదా అమ్మా?" అని అడగడం మాత్రం నా చెవులతో విన్నాను.

వాళ్ళతో వచ్చిన బుడతడు ఉప్మా చెయ్యి తెరకి తుడిచాడు. మర్నాడు ఉతికారు. నీడలో ఆరేశారు. తిరిగి కడితే... వరదనీళ్ళలో దిగినవాడు పంచె ఎగ్గట్టినట్టు నాలుగున్నర అంగుళాలు పైకి! పెద్దమ్మగారు నా వంక ఒక చూపు చూశారు. అప్పుడు పనికొచ్చింది కిందనున్న ఆరంగుళాల మడత! విప్పి నాలుగున్నర దింపి కుట్టించాం. లైనింగు అడుగున కలిపి కుట్టకుండా విడిగా వదిలాం కాబట్టి ఎక్కడా పీక్కోలేదు. పాత మడత గీత చిన్న పూల మధ్య ఎవరికీ ఆనలేదు.

మామ్మగారి కుర్చీ సంగతా? పలచ తెర కట్టిన రోజు సాయంత్రం ఎవరూ పిలవకుండానే ఆవిడ లేచి లోపలికి వచ్చారు. ముందు కాలితో తెర అంచు తడిమి చూశారు. నేలకి తగల్లేదు. పక్కకి లాగి చూశారు. కిటికీ మొత్తం తెరుచుకుంది. "కుర్చీ పట్రండ్రా" అన్నారు. చిన్నాడు పరుగెత్తాడు.

ఆ ఆదివారం నేను అక్కడే ఉన్నాను. టీవీలో పాత సినిమా. అర్ధరాత్రి, జమీందారుగారి హాలు, ఇనప్పెట్టె, అలికిడి, తెర వెనక విలన్... కింద బూట్లు! మామ్మగారు కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగి చూశారు.

"వాళ్ళ టైలరూ గుడ్డ తడపలేదురా అబ్బాయ్!"