మ్యాన్‌హోల్ మూత కింద కాపలా

చిన్న మంగళారం గ్రామం ఉన్న మొయినాబాద్ మండలం హైదరాబాదు జంట జలాశయాల పరీవాహక ప్రాంతం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతో పైభాగాన రెండు ఆనకట్టలు కట్టారు. మూసీ మీద గండిపేట చెరువు 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి మంచినీళ్లూ ఇచ్చాయి. వాటిని కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టింది.

ఇప్పుడు నగరం చేవెళ్ల రోడ్డు వెంబడి ఇటువైపు పెరుగుతూ పోతోంది. ఇళ్లు వస్తే మురుగు వస్తుంది. నగరం నడిబొడ్డున మ్యాన్‌హోల్ పొంగితే ఆ నీరు వీధిలోకీ, నాలాలోకీ, చివరికి మూసీలోకీ చేరుతుంది. ఇక్కడ పొంగితే వాగుల గుండా మంచినీటి చెరువులోకే దిగుతుంది. అందుకే మురుగు పొంగకముందే కబురు చెప్పే ఒక చిన్న యంత్రం కథ ఈ ప్రాంతంవాళ్లు తెలుసుకోవాల్సింది.

ఆ యంత్రం మూలం 1880లో ఉంది. ఫ్రాన్సులో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ కలిసి, కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే స్ఫటికం కంపిస్తుందని మరుసటి ఏడాదికే తేలింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్ లాంజెవిన్ క్వార్ట్జ్ పలకలతో నీళ్లలోకి అతిధ్వనులు పంపి, జలాంతర్గాములను ప్రతిధ్వనితో పసిగట్టే పరికరం తయారుచేశాడు. మనిషి చెవికి అందని ఈ ధ్వనుల మీద మన దగ్గరా గట్టి పరిశోధన జరిగింది. 1940లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, భీమసేనాచార్ అతిధ్వనులను స్ఫటికాల గుండా పంపి, వజ్రం స్థితిస్థాపకతను సైతం కొలిచారు. తర్వాత అతిధ్వని ఫ్యాక్టరీ ట్యాంకుల్లో ద్రవమట్టం కొలిచే పనిలో కుదురుకుంది. అక్కణ్నుంచి మ్యాన్‌హోల్‌లోకి దిగింది.

మూత కింద బిగించే ఆ డబ్బాలో ముఖ్యంగా ఉండేవి నాలుగు: అతిధ్వని సెన్సర్, చిన్న కంప్యూటర్ చిప్పు, ఏళ్ల తరబడి పనిచేసే లిథియం బ్యాటరీ, యాంటెనా. దిగుడుబావిలోకి కేకేస్తే తిరిగొచ్చే శబ్దాన్ని బట్టి లోతు పసిగట్టినట్టే ఇదీ పనిచేస్తుంది. నీటిమట్టం 3 మీటర్ల కింద ఉంటే ధ్వని పోయి రావడానికి సెకనులో సుమారు 57వ వంతు పడుతుంది. ఆ సమయం తగ్గుతోందంటే మురుగు పైకి వస్తోందన్నమాట. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. ఉష్ణోగ్రత 15 డిగ్రీలు పెరిగితే 3 మీటర్ల లోతులో దాదాపు 8 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అందుకే డబ్బాలోనే ఒక ఉష్ణమాపకం ఉండి లెక్క సరిచేస్తుంది. మామూలు రోజుల్లో పదీ పదిహేను నిమిషాలకోసారి కొలిచి బ్యాటరీ పొదుపు చేస్తుంది. మట్టం పెరుగుతుంటే మాత్రం కొలతల మధ్య వ్యవధి తగ్గిస్తుంది. పోత ఇనుప మూత రేడియో సంకేతాలను అడ్డుకుంటుంది కాబట్టి యాంటెనాను మూతలోనే అమర్చడం, లేదా ఫైబర్ మూత వాడటం చేస్తారు.

ఒక్క కొలత పెద్దగా ఏమీ చెప్పదు, వరస కొలతలే అసలు సంగతి చెబుతాయి. కాలనీ మురుగు పొద్దున స్నానాల వేళ ఒకసారి, సాయంత్రం వంటల వేళ ఇంకోసారి పెరుగుతుంది. అర్ధరాత్రి దాటాక బాగా తగ్గుతుంది. వాన లేకపోయినా రాత్రి మట్టం రోజురోజుకూ కొద్దికొద్దిగా పెరుగుతుంటే, కింది పైపులో నూనె జిడ్డో, ఇసుకో, చెట్ల వేళ్లో పేరుకుంటున్నట్టు. పై మ్యాన్‌హోల్‌లో మట్టం పెరిగి కింది దాంట్లో పడిపోతే అడ్డు ఆ రెంటి మధ్యే ఉంది. వాన మొదలవగానే ఒక్కసారిగా ఎగిస్తే, వాననీటి కాలువనో మేడ మీది నీళ్లనో ఎవరో మురుగు పైపులో కలిపారని అనుమానించాలి.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ ఈ విద్యను ఊరంతటికీ అమలుచేసింది. అక్కడ వాననీరూ మురుగూ ఒకే పైపులో పోతాయి. గట్టి వాన పడితే సెయింట్ జోసెఫ్ నదిలోకి పొంగేవి. నోటర్ డామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, అక్కడే పుట్టిన ఎమ్‌నెట్ సంస్థ కలిసి 2008 నుంచి వందకు పైగా సెన్సర్లు అమర్చారు. ఖాళీగా ఉన్న పైపుల్లోకి నీటిని మళ్లించే కవాటాలను వాటితో జతచేశారు. నదిలోకి పొంగే మురుగు దాదాపు 70 శాతం తగ్గింది. కొత్త సొరంగాలు తవ్వే ముందు ఉన్న పైపులను పూర్తిగా వాడుకోవచ్చని ఆ ఊరు చూపించింది.

మన దగ్గర ఇప్పటికీ కబురు చేరేది ఎక్కువగా పొంగాకనే. ఎవరో నగర నీటి, మురుగు బోర్డు అయిన జలమండలి 155313కు ఫోన్ చేస్తారు, మురుగు తీసే బండి బయల్దేరుతుంది. ఆ బండ్ల విషయంలో హైదరాబాద్ మంచి అడుగే వేసింది. ఇరుకు గల్లీల్లోకి దూరే 70 మినీ జెట్టింగ్ యంత్రాలను జలమండలి 2017లో తెచ్చింది. ఇక కావాల్సింది ముందస్తు కబురు.

ఈ కబురుతో కాపాడేది ప్రాణాలను కూడా. మూసుకుపోయిన మ్యాన్‌హోల్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే కుళ్లు వాసన విషవాయువు పేరుకుంటుంది. మోతాదు మించితే ముక్కు ఆ వాసనను పట్టలేదు, మనిషి నిమిషాల్లో పడిపోతాడు. 2013 చట్టం మనుషులను రక్షణ లేకుండా మురుగులోకి దించడాన్ని నిషేధించింది. కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ దురాచారం మీద దశాబ్దాలుగా పోరాడుతూ 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. అయినా చావులు ఆగలేదు. అడ్డు చిన్నగా ఉన్నప్పుడే తెలిస్తే పైనుంచే నీటి జెట్టుతో తీసేయవచ్చు. గట్టిపడేదాకా వదిలేస్తేనే మనిషిని దించాలన్న ఒత్తిడి వస్తుంది.

ఈ యంత్రానికీ లోపాలున్నాయి. సెన్సర్ మీద తేమ పట్టినా, సాలీడు గూడు కట్టినా, నీటి మీద నురుగు తేలినా కొలత తప్పుతుంది. సెన్సర్‌కు మరీ దగ్గరి దూరాన్ని అది కొలవలేదు, ఎందుకంటే పంపిన ధ్వనికి స్ఫటికం ఇంకా కంపిస్తూనే ఉంటుంది. ఎప్పటికప్పుడు తుడిచి సరిచూసే మనిషి లేకపోతే ఏడాది తిరక్కుండానే పనికిరాకుండా పోతుంది. అలారం మోగినప్పుడు కదిలే బండీ, సిబ్బందీ లేకపోతే అది ఉన్నా లేనట్టే.

అన్ని మ్యాన్‌హోళ్లకూ సెన్సర్లు అక్కర్లేదు. తరచూ పొంగేవి, పంపింగ్ స్టేషన్ల ముందువి, వాగు పక్కనున్నవి ఎంచుకుంటే చాలు. చిన్న మంగళారం లాంటి ఊళ్లకు డ్రైనేజీ డిజైన్ గీసే రోజే ఆ చోట్లు గుర్తించాలి. మట్టం వివరాలు ఊరివాళ్లందరికీ కనబడేలా పెట్టాలి. మనం వంటనూనెను, గుడ్డపీలికలను మోరీలో వేయకుండా ఉండాలి. గండిపేటలో మురుగు కలిశాక శుద్ధి చేయడానికి పెట్టే డబ్బుతో పోలిస్తే, ముందే కాపలా పెట్టడానికయ్యే ఖర్చు లెక్కలోదే కాదు.