చంబల్ మొసళ్లకు ఇంజినీర్లతో పనుంది!

బీటెక్ పట్టా చేతికొచ్చింది. క్యాంపస్ సెలక్షన్స్‌లో మాత్రం పేరు రాలేదు. ఇలాంటప్పుడు మొసళ్ల గురించి చదవమంటే చిరాకేస్తుంది. అయినా ఓ రెండు నిమిషాలు ఇటు చూడండి.

మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లను ఆనుకుని పారే చంబల్ నదిలో వందల కిలోమీటర్ల మేర జాతీయ చంబల్ అభయారణ్యం ఉంది. ఇక్కడ కాపాడేది అడవిని కాదు, నదిని! గంగా డాల్ఫిన్లు, అరుదైన తాబేళ్లు ఉన్నా అసలు హీరో ఘరియల్. సన్నటి పొడుగు మూతి, మగదానికి ఆ మూతి చివర కుండలాంటి బుడిపె. తినేది చేపలే, మనుషుల జోలికి రాదు. ప్రపంచంలో మిగిలిన ఘరియళ్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క నదిలోనే ఉన్నాయి. అంటే చంబల్ పోతే దాదాపు ఆ జాతే పోయినట్టు.

ముప్పు ఎటునుంచి? ఘరియల్ మార్చి, ఏప్రిల్‌లో ఇసుక మేటల్లో గుంత తీసి గుడ్లు పెడుతుంది. వానలకు ముందే పిల్లలు బయటికొస్తాయి. ఈలోగా ఎవరైనా ట్రాక్టర్‌తో ఇసుక తవ్వుకెళ్తే గూడు మొత్తం గల్లంతే. పైన కోటా బ్యారేజీ దగ్గర నీళ్లు సాగుకు మళ్లుతాయి. కింద ప్రవాహం తగ్గితే మేటల మీదికి కుక్కలు, పశువులు, మనుషులు నడిచి వచ్చేస్తారు. 2007-08 చలికాలంలోనైతే వందకు పైగా ఘరియళ్లు చచ్చి తేలాయి. పరీక్షిస్తే మూత్రపిండాలు పాడైనట్టు తెలిసింది. ఆ విషం ఎక్కణ్నుంచి వచ్చిందో మాత్రం పక్కాగా తేలలేదు. ఆ తర్వాతే పరిశోధకులు కొన్నింటికి రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి, అవి ఏ కాలంలో ఎటు వెళ్తున్నాయో వెంబడించడం మొదలుపెట్టారు.

ఇప్పుడు మీ బ్రాంచి గుర్తొచ్చిందా? ట్రాన్స్‌మిటర్ ఈసీఈ వాళ్ల సరుకు. మొసళ్లు బతకాలంటే నదిలో ఎంత నీరు వదలాలన్నది సివిల్ వాళ్ల లెక్క. డ్రోన్ ఫొటోల్లో మొసళ్లను లెక్కపెట్టే ప్రోగ్రాం సీఎస్‌ఈ వాళ్లు రాయాలి. అన్నట్టు, 1975లో మొదలైన మొసళ్ల సంరక్షణ ప్రాజెక్టు కింద సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థను పెట్టింది మన హైదరాబాద్‌లోనే!

ఉన్నమాట చెప్పుకోవాలి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ లాంటి చోట్ల ప్రాజెక్టు పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువే. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకోవద్దు. ఎండలో పడవ మీద తిరగాల్సి రావచ్చు. పర్మనెంట్ ఉద్యోగమే కావాలంటే యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ ఉంది. ఇంజినీరింగ్ డిగ్రీతో రాయొచ్చు. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది కాబట్టి ఇప్పటికే సివిల్స్‌కి చదువుతున్నవాళ్లకు ప్రిలిమ్స్ ప్రిపరేషన్ వేరేగా అక్కర్లేదు, మెయిన్స్ మాత్రం వేరు.

ఈలోగా చేతిలో ల్యాప్‌టాప్ ఉందిగా. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరూ ఉచితమే. చంబల్‌లో ఒకే చోట రెండేళ్ల మార్చి నెల చిత్రాలు తీసుకుని, ఇసుక మేట ఎంత తరిగిందో కొలిచి చూడండి. రెజ్యూమెలో ‘మినీ ప్రాజెక్ట్’ అని ఖాళీగా ఉన్న గడిలో రాసుకోవడానికి అది పనికొస్తుంది.