వీధి కుక్కపిల్లకు మీ ఇల్లు పుట్టిల్లు కాగలదా?

ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు వేయడానికి వీధిలోకి వస్తే, ఏ మెట్ల కిందనుంచో కుయ్‌కుయ్‌మనే గొంతులు వినబడుతుంటాయి. చిత్త కార్తెలో జతకట్టిన కుక్కలు రెండు నెలలు తిరిగేసరికి, అంటే సరిగ్గా ముగ్గుల రోజుల్లో, పిల్లల్ని పెడతాయి మరి! చలికి, జబ్బులకు, లారీ చక్రాల కిందపడీ పోగా సంక్రాంతి దాటాక మిగిలేవి కొన్నే. ‘అయ్యో పాపం’ అనుకుంటాం. కానీ తెచ్చుకుంటే పది పన్నెండేళ్లు పెంచాలే అన్న భయంతో తలుపు వేసేసుకుంటాం.

ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది. కొన్ని వారాలు మాత్రం మీ ఇంట్లో ఉంచుకుని, కోలుకున్నాక మంచి ఇల్లు చూసి పంపించడం. దీన్నే ఫాస్టరింగ్ అంటున్నారు. పురిటికి వచ్చిన అమ్మాయిని మూడో నెల వచ్చాక సారె పెట్టి పంపమూ? అలాగన్నమాట.

హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు దిక్కులేని జంతువులను చేరదీసి, దత్తత ఇస్తున్నాయి. అయితే ఎంత మంచి శరణాలయమైనా పది కుక్కలు కలిసి ఉండేచోట పసికూనలకు జబ్బులు త్వరగా అంటుకుంటాయి. పైగా మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు కుక్కపిల్ల మనుషులను నమ్మడం నేర్చుకునే వయసు. కుక్కర్ కూత, పిల్లల అల్లరి, చీపురు చప్పుడు... వీటి మధ్య పెరిగిన పిల్ల రేపు ఏ ఇంటికి వెళ్లినా బెదరదు. బెదరని కుక్క కరవడం కూడా తక్కువే.

ముందు ఇంట్లో మాట్లాడండి

ఎవరు ముద్దుపడి తెచ్చినా చివరికి చాకిరీ మనదే! కాబట్టి ఎన్నాళ్లు ఉంచుతారో, ఖర్చు ఎంత పెట్టగలరో ముందే అనుకోండి. అద్దె ఇల్లయితే ఇంటివారి అనుమతి తీసుకోండి. ‘మడీ తడీ ఏం కానే?’ అని అత్తగారంటే, పెరటి వరండాలో గోనెపట్టా వేసిన అట్టపెట్టె చాలునని చెప్పండి. తల్లి కుక్క బతికి ఉంటే ఎనిమిది వారాలు నిండేవరకు పిల్లను విడదీయకండి. ఆ తల్లికి ఓ ముద్ద పెట్టడం కూడా సాయమే.

ఏం పెట్టాలి?

పాలు మానేసిన పిల్లకు మెత్తటి అన్నంలో ఉడికించిన గుడ్డు గానీ, ఎముకలు తీసిన కోడిమాంసం గానీ కలిపి రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. ఉప్పు, కారం వద్దు. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు పడవు, విరేచనాలవుతాయి. మిగిలిన కూరలు అసలు పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం.

జాగ్రత్తలు

తెచ్చిన రోజే పశువైద్యునికి చూపించి నులిపురుగుల మందు వేయించండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి. ఇంట్లో వేరే కుక్క ఉంటే రెండు వారాలు దూరంగా ఉంచండి. వాంతులు, రక్తంతో విరేచనాలు కనిపిస్తే అది పార్వో కావచ్చు. రేపు చూద్దాంలే అనుకుంటే పిల్ల దక్కదు.

పిల్ల పన్ను గీరుకున్నా తేలిగ్గా తీసుకోకండి. పసిపిల్లలు భయపడి దాచేస్తారు, అడిగి తెలుసుకోండి. పంపు నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. పసుపు, కారం, సున్నం అద్దకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

పంపించేటప్పుడు

‘ఆడదా? అయితే వద్దండీ’ అనేవాళ్లే ఎక్కువ. ఆడపిల్లల తల్లులకు ఆ మాట కొత్తేం కాదు! సుమారు ఆరు నెలల వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఏ బెడదా ఉండదని నచ్చచెప్పండి. సంబంధం చూసినట్టే వాకబు చేయండి. గేటు ఉందా? పగలు ఇంట్లో ఎవరుంటారు? ఊరెళితే ఎవరు చూస్తారు? దత్తత తీసుకున్న వీధికుక్కను మళ్లీ వీధిలో వదలకూడదని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ మాట ముందే చెప్పండి. కుదరకపోతే మీకే తిరిగి అప్పగించమనండి.

తణుకులో నన్నయ యజ్ఞం చేశాడని అక్కడివారు చెప్పుకుంటారు. ఆయన తెనిగించిన ఆదిపర్వంలో సరమ అనే కుక్కతల్లి ఉంది. యజ్ఞశాల దగ్గర తన బిడ్డను ఊరికే కొట్టారని ఆవిడ జనమేజయుణ్ణే నిలదీసింది. మన వీధిలోని తల్లికి ఆ నోరు లేదు, మనమే చూసుకోవాలి.

పంపిన రోజు ఇల్లు బోసిపోతుంది, నిజమే. పిల్లలు ఏడుస్తారు, మీకూ అన్నం సయించదు. అయినా పంపండి. ఈ పిల్లను ఉంచేసుకుంటే, వచ్చే ధనుర్మాసంలో వినబడే గొంతుకు మీ వరండాలో చోటుండదు.