నీచు వాసనను పట్టే జన్యువు

మృగశిర కార్తె నాడు చేప తినాలన్న నమ్మకంతో ఏటా జూన్ 8 ప్రాంతంలో జనం తెల్లవారకముందే హైదరాబాద్‌లోని ముషీరాబాద్ చేపల మార్కెట్టుకు తరలివస్తారు. అక్కడి గాలిలో ఆవరించి ఉండే నీచు వాసన చేపదేనని అందరూ అనుకున్నా, చేప నుంచి వెలువడేది ఒక రసాయనం మాత్రమే. దానిని వాసనగా గుర్తించే పని మనిషి ముక్కులో, ఒక జన్యువు సూచన ప్రకారం తయారైన ప్రొటీనుతో మొదలవుతుంది.

సముద్రపు చేపల కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. చేప చనిపోయాక బాక్టీరియా దానిని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది; తేలికగా ఆవిరయ్యే ఈ పదార్థమే నీచుకు మూలం. ముక్కు లోపలి పైభాగాన ఉన్న పలుచని పొరలో లక్షలాది నాడీకణాలు ఉంటాయి, వాటిలో ఒక్కొక్కటి సాధారణంగా ఒకే రకం గ్రాహకాన్ని, అంటే వాసన అణువును పట్టుకునే ప్రొటీనును, ధరించి ఉంటుంది. ఈ గ్రాహకాల జన్యువుల మహాకుటుంబాన్ని 1991లో వెలుగులోకి తెచ్చిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి దక్కింది. మనిషిలో పనిచేసే అలాంటి జన్యువులు దాదాపు 400 ఉండగా, వాటికి పక్కన ‘టార్’ అనే మరో చిన్న కుటుంబం ఉంది; ట్రైమిథైలమైన్‌ను పట్టేది ఆ కుటుంబంలోని, ఆరో క్రోమోజోమ్‌పై ఉన్న ‘టార్5’.

2020లో ఐస్‌లాండ్‌లో పదకొండు వేలమందికి పైగా మనుషులకు వాసనలు చూపించి, వారి జన్యువులతో పోల్చినప్పుడు ఒక విశేషం బయటపడింది. టార్5 ప్రొటీనులో 95వ స్థానంలో సెరీన్‌కు బదులు ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఉన్నవారికి చేప వాసన అంతగా తెలియడం లేదు. కొందరికైతే అది పాకం వాసనగానో గులాబీగానో తోచింది. అక్కడ నూటికి ఇద్దరిలో ఉన్న ఈ మార్పు ఆఫ్రికాలో చాలా అరుదు.

తెలుగు వంటింటికి ఈ రసాయనంతో పాత పరిచయమే. నిమ్మరసం, చింతపండు పులుపులోని ఆమ్లం ట్రైమిథైలమైన్‌ను ఆవిరి కాని లవణంగా మార్చడం వల్లనే పులుసులో నీచు అణగిపోతుంది. చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి చేపల సంగతి వేరు: వాటిలో ఈ ఆక్సైడ్ చాలా తక్కువ, వాటి బురద వాసనకు కారణం జియోస్మిన్. తొలకరికి నేల నుంచి లేచే కమ్మని వాసనలోనూ ఉండే ఆ పదార్థాన్ని పట్టడానికి మరో గ్రాహకం, ‘ఓఆర్11ఏ1’, ఉంది. మట్టిలో ఇష్టమైనదే చేపలో అయిష్టం కావడం నిజంగా ఆశ్చర్యకరం.

భారతీయ సముదాయాల జన్యు వైవిధ్యాన్ని ఏళ్లుగా పరిశోధిస్తున్న సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ముషీరాబాద్ మార్కెట్టుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, తార్నాకను ఆనుకున్న హబ్సిగూడలో ఉంది. ఐస్‌లాండ్‌వాసుల ముక్కును చదివినంత శ్రద్ధగా, తరతరాలుగా చేపలు పట్టి, అమ్మి, వండిన తెలుగువారి ముక్కునూ శాస్త్రజ్ఞులు చదవాలి.