రెండంగుళాల గుండు

సామానంతా ట్రైలర్‌లోకి ఎక్కించాక, బాత్రూంలో ఉండే బరువు చూసుకునే మిషను కావాలన్నాను. "అయ్యో, అది ఆఖరి అట్టపెట్టెలో పెట్టి టేపు కూడా వేసేశాను నాన్నా" అంది మా అమ్మాయి. విప్పక తప్పలేదు. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో, అపార్ట్‌మెంటు పార్కింగులో, మే నెలాఖరు ఎండలో మిషను నేలమీద పెట్టాం. దాని మీద చెక్కదిమ్మ నిలబెట్టి, ట్రైలర్ ముక్కుని మెల్లగా దిమ్మ మీదికి దించాం. ముల్లు 90 పౌన్ల దగ్గర ఆగింది.

"తేలిగ్గానే ఉందిగా మావయ్యగారూ!" అన్నాడు అల్లుడు సంతోషంగా.

నాకు గుబులు పుట్టింది అందుకే.

వాళ్లిద్దరూ ఉద్యోగాలు మారి అరిజోనాలోని ఫీనిక్స్‌కి వెళ్తున్నారు. అటూ ఇటూగా 1,900 మైళ్లు. బండి ఐదుగురు కూర్చునే చిన్న ఎస్‌యూవీ. ట్రైలర్ అద్దెది: ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, ఒకటే ఇరుసు, సొంత బ్రేకులు లేవు, ఖాళీగానే 900 పౌన్లు. సామానుతో 2,000 పౌన్లు తూగుతుందని మా అంచనా. 3,500 పౌన్ల దాకా లాగొచ్చని బండితో వచ్చిన పుస్తకంలో ఉంది. ఇదే సైజు ఎస్‌యూవీల్లో చాలావాటికి ఆ అంకె 1,500 మాత్రమే. అలాంటి బండికి ఈ ట్రైలర్ తగిలిస్తే సామానుకు మిగిలేది 600 పౌన్లు. ఒక మంచం, ఒక సోఫా, వంటింటి సామాను ఎక్కేసరికి అదీ అయిపోతుంది.

మా తాతగారికి ఈ లెక్కలు అంకెల్లో రావు, చేతికి వచ్చు. ఎడ్లబండి మీద ధాన్యం బస్తాలు వేసేటప్పుడు ఇరుసుకి వెనక బరువెక్కువైతే నొగలు పైకి లేస్తాయి, మెడతాళ్లు ఎద్దుల గొంతుకి బిగుస్తాయి. ముందు ఎక్కువైతే మెడలు పుండ్లు పడతాయి. అందుకని బండి సగం నిండాక ఆయన కాడిని చేత్తో ఎత్తి చూసేవారు. "రెండు బస్తాలు ముందుకి జరపండ్రా" అనేవారు. ఎందుకో చెప్పేవారు కాదు. ట్రైలర్‌కీ అదే ధర్మం. అమెరికాలో పాటించే లెక్క ప్రకారం మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్లు ముక్కు మీద పడాలి. అంటే మాకు 200 నుంచి 300 పౌన్లు రావాలి. వచ్చింది 90.

ఆ బరువు మోసేది బండి వెనక కమలాపండంత ఉన్న ఇనుపగుండు. దానికో చరిత్ర ఉంది.

గుండుకి ముందు కొక్కెమూ మేకూ ఉండేవి. మన ఊళ్లలో ట్రాక్టరుకి ట్రక్కు తగిలించడం చూసినవాళ్లకి తెలుసు: రెండు బెజ్జాలు ఎదురెదురుగా తెచ్చి పైనుంచి లావుపాటి పిన్ను దించుతారు. పిన్ను చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది కాబట్టి ట్రక్కు గతుకుల్లో అటూ ఇటూ ఒరగగలుగుతుంది. ఆ ఖాళీ వల్లే బ్రేకు వేసినప్పుడల్లా వెనకనుంచి ఢామ్మని కొడుతుంది. పొలం దారిలో నెమ్మదిగా పోయే ట్రాక్టరుకి అది లెక్కలోది కాదు. హైవే మీద కారుకి ప్రాణాంతకం.

1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి దగ్గరికి సిబ్లీ అనే కలప వ్యాపారి వచ్చాడు. తన పడవని ఫోర్డ్ మోడల్-టి కారు వెనక కట్టుకుని మిషిగన్ ఉత్తర కొసకి తీసుకుపోవాలన్నాడు. ఫ్రూహాఫ్ రెండు చక్రాల బండి చేసి కారు చట్రానికి తగిలించాడు. పడవ క్షేమంగా చేరింది. సిబ్లీకి అది ఎంత నచ్చిందంటే, కలప మోయడానికి కూడా అలాంటిదే చేయమన్నాడు. ఫ్రూహాఫ్ దానికి సెమీట్రైలర్ అని పేరు పెట్టి, దాని మీదే పెద్ద కంపెనీ కట్టాడు. ఇవాళ హైవేల నిండా తిరిగే పద్దెనిమిది చక్రాల లారీలకి ఆ కొలిమి తాతల ఇల్లులాంటిది.

గుండు మాత్రం జర్మనీది. అదీ కమ్మరి కొలిమిలోంచే వచ్చింది. 1844లో వీడెన్‌బ్రూక్ ఊళ్లో మొదలై, గుర్రబ్బండ్లు చేస్తూ ఎదిగిన ఆ కొలిమి వెస్ట్‌ఫాలియా కంపెనీ అయింది. కారు చివర గుండు, ట్రైలర్ ముక్కున దాన్ని పట్టుకునే గిన్నె అనే ఏర్పాటుకి వాళ్లు 1934లో పేటెంటు పొందారు. మన భుజం కీలు సరిగ్గా ఇదే పని చేస్తుంది: చెయ్యి పైకీ కిందికీ పక్కలకీ తిరుగుతుంది, మెలి తిరుగుతుంది, అయినా ఎక్కడా వదులుండదు. పిన్నుకి ఖాళీ వల్ల మాత్రమే వచ్చిన స్వేచ్ఛ గుండుకి ఆకారంలోనే వచ్చింది.

తర్వాత కొలతల తగవు. యూరప్ 50 మిల్లీమీటర్ల గుండు దగ్గర స్థిరపడింది. అమెరికా అంగుళాల్లో మూడు సైజులు పెట్టుకుంది: 1 7/8, 2, 2 5/16. రెండంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు. యూరప్ గుండుతో తేడా ఎనిమిది కాగితాల మందం. అసలు భయం మొదటి సైజుతో. 1 7/8 గుండు మీద రెండంగుళాల గిన్నె బోర్లిస్తే హాయిగా కూర్చుంటుంది, చిలక పడుతుంది, చూసేవాళ్లకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. గట్టి గతుకు వచ్చినప్పుడు లేచి పోతుంది. గుండు నెత్తిన సైజు చెక్కి ఉంటుంది, గిన్నె మీదా ఉంటుంది. రెండూ చదివి పోల్చుకోవాలి. గుండు సరిగ్గా పట్టిందో లేదో చూడ్డానికి మంచి ఉపాయం ఒకటుంది. చిలక వేశాక ట్రైలర్ ముక్కు కింది జాకీని మళ్లీ పైకి తిప్పాలి. కారు వెనక భాగం కూడా దాంతోపాటు లేస్తే పట్టినట్టు. మేం తిప్పాం, కారు రెండంగుళాలు లేచింది. ఆ తర్వాత రెండు గొలుసులు ముక్కు కింద ఎక్స్ ఆకారంలో దాటించి కట్టాం. గిన్నె ఊడినా ముక్కు రోడ్డులో గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాలలో పడుతుంది.

అద్దె ట్రైలర్‌తో ఇల్లు మారడం 1945లో మొదలైన అలవాటు. నౌకాదళం నుంచి విడుదలైన లెనార్డ్ షోన్, భార్య ఆనా మేరీతో లాస్ ఏంజెలెస్ నుంచి పోర్ట్‌లండ్‌కి వెళ్లాలనుకున్నాడు. అప్పట్లో ట్రైలర్ ఎక్కడ అద్దెకి తీసుకుంటే అక్కడే తిరిగి ఇవ్వాలి. ఇల్లు మారేవాడు తిరిగెందుకొస్తాడు? కారులో పట్టినంత సర్దుకుని మిగతాది వదిలేసి వెళ్లారు. దారిలోనే ఆలోచన పుట్టింది. వాషింగ్టన్ రాష్ట్రం రిడ్జ్‌ఫీల్డ్‌లో ఆమె పుట్టింటివారి పశువులశాల దగ్గర, పాల కొట్టంలో ట్రైలర్లు తయారుచెయ్యడం మొదలుపెట్టారు. పెట్టుబడి 5,000 డాలర్లు, అద్దె రోజుకి రెండు డాలర్లు. అదే యూ-హాల్. ఆ రోజుల్లో కార్లకి ఉక్కు బంపర్లుండేవి కాబట్టి గుండుని బంపరుకే బిగించి పంపేవారు. ఇప్పటి బంపరు ప్లాస్టిక్ తొడుగు. అందుకని కారు అడుగున చట్రానికి బోల్టులతో అడ్డుకడ్డీ బిగించి, దాని మధ్య చదరపు గొట్టం పెడతారు. గుండు ఉన్న చువ్వ ఆ గొట్టంలో దూరుతుంది. చిన్న బండ్లకి గొట్టం అంగుళంపావు, కొంచెం పెద్దవాటికి రెండంగుళాలు. పెద్ద గొట్టం వేయించుకుంటే ఎక్కువ లాగొచ్చని కొందరి భ్రమ. గొట్టం ఎంత పెద్దదైనా బండి పుస్తకంలోని అంకె మారదు.

ఇక 90 పౌన్ల సంగతి. "ఇంజను 180 హార్స్‌పవర్ అండీ, లాగదా?" అన్నాడు అల్లుడు. లాగుతుంది. లాగడం సమస్యే కాదు.

ట్రైలరంటే గుండుకి తగిలించి నేల మీద పడుకోబెట్టిన లోలకం. పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోతే ఆ గాలికి ఒకవైపు ఒరుగుతుంది. టైర్లు రోడ్డుని కరుచుకుని దాన్ని దారిలోకి తెస్తాయి, రెండు మూడు ఊపుల్లో ఊగిసలాట చచ్చిపోతుంది. వేగం పెరిగేకొద్దీ అది చావడానికి ఎక్కువసేపు పడుతుంది. ఒక హద్దు దాటాక చావదు సరికదా, ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది, చివరికి ట్రైలరే కారుని తిప్పేస్తుంది. బరువు ఇరుసు వెనక ఉంటే ఆ హద్దు ముందే వచ్చేస్తుంది. నడిచే మిషను పట్టీ మీద బొమ్మకారుకి చిన్న ట్రైలర్ కట్టి ఇది చూపిస్తుంటారు. బరువు ముందుంటే బొమ్మట్రైలర్ని వేలితో తోసినా బుద్ధిగా వెనక్కొస్తుంది. అదే బరువుని వెనక్కి జరిపి తోస్తే పాముపిల్లలా కొట్టుకుని కారుని పడేస్తుంది. అప్పుడు బ్రేకు తొక్కకూడదు, స్టీరింగుతో ఎదురు తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి చక్రం కదలకుండా పట్టుకోవాలి. చెప్పడం తేలికే.

ట్రైలర్ తలుపు తెరిచాం. మంచం ముందు లోపలికి పోయింది కాబట్టి బరువైనవన్నీ తలుపు దగ్గరే ఉన్నాయి: నాలుగు పుస్తకాల పెట్టెలు, వాటి పక్కన దుప్పట్లో చుట్టిన వెట్ గ్రైండర్. ఎక్కడికి వెళ్లినా ఆ రాయి లేకుండా మా అమ్మాయి వెళ్లదు. ఐదూ కలిపి 160 పౌన్లుంటాయి. గంటసేపు చెమటోడ్చి వాటిని ఆరడుగులు ముందుకి, ఇరుసు దాటించాం. ముల్లు 210 దగ్గర ఆగింది. ఊరి చివర లారీల పెట్రోలు బంకులోని కాటా మీద ట్రైలర్ మొత్తం 2,040 చూపించింది.

ఆ 210 పౌన్లకి కారు కూడా మూల్యం చెల్లిస్తుంది. గుండు వెనక ఇరుసుకి దాదాపు నాలుగడుగులు వెనక ఉంటుంది కాబట్టి, తూగుడుబల్లలాగా, ముందు చక్రాల మీంచి 80, 90 పౌన్లు లేచిపోతాయి. లైట్లు ఆకాశం చూస్తాయి, స్టీరింగు తేలిపోయినట్టుంటుంది. అందుకే కారు డిక్కీలో బరువులు పెట్టనివ్వలేదు.

లైట్ల దగ్గర ఒక పూట పోయింది. అమెరికా ట్రైలర్లలో బ్రేకుకీ ఇండికేటరుకీ ఒకటే బల్బు. వీళ్ల బండిలో ఇండికేటరు వేరే, పసుపు రంగుది. రెండు సంకేతాల్ని ఒక తీగలో కలిపే చిన్న పెట్టె మధ్యలో ఉండాలి. అది లేక, బ్రేకు తొక్కితే ట్రైలర్ చీకటిగానే ఉంది.

నాలుగు రోజుల ప్రయాణం, మా ఆవిడా నేనూ వెంట వెళ్లాం. గంటకి 55 మైళ్లు దాటొద్దని పట్టుపట్టాను. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది; 70కి వెళ్తే 55 దగ్గర కావలసినదానికి రెట్టింపు. వెనక నిలువు పెట్టె ఉన్నప్పుడు ఆ రెట్టింపు చిన్నది కాదు. అదంతా గేర్‌బాక్సు గుండానే పోవాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఇంజనుకీ చక్రాలకీ మధ్య నూనెలో ఎదురెదురుగా తిరిగే రెండు పంకాలుంటాయి. ఎక్కుడులో ఒకటి తిరిగినంత రెండోది తిరగదు. ఆ తేడా అంతా నూనెలో వేడి అవుతుంది. న్యూమెక్సికో ఎక్కుళ్లలో ఏసీ ఆపేసి కిటికీలు దించాం. మా ఆవిడ అలిగింది.

అసలు పరీక్ష దిగుడులో వచ్చింది. ఫ్లాగ్‌స్టాఫ్ 6,900 అడుగుల ఎత్తున ఉంది, ఫీనిక్స్ 1,100. బండీ మనుషులూ ట్రైలరూ కలిపి 2,700 కిలోలు అంత ఎత్తునుంచి దిగితే వెలువడే శక్తితో దాదాపు 150 లీటర్ల నీళ్లు మరిగించొచ్చు. కొంత గాలి తినేస్తుంది, మిగిలింది బ్రేకులకే పోతే అవి కమిలిపోతాయి. అల్లుడు కొండకొసనే గేరు తగ్గించాడు. ఇంజను గొంతు చించుకుంది, చక్రాలు మాత్రం దాని మాట విన్నాయి. మధ్యలో ఆగినప్పుడు ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాను: వెచ్చగా ఉంది, కాలుతున్న వాసన లేదు.

ఫీనిక్స్‌లో ట్రైలర్ విప్పితే గుండు నెత్తిన గ్రీజు పోయి, రూపాయి బిళ్లంత మేర అద్దంలా మెరుస్తోంది. బాత్రూం మిషను మాత్రం అప్పట్నుంచీ మూడు పౌన్లు ఎక్కువ చూపిస్తోందని మా అమ్మాయి ఫిర్యాదు. నాకైతే మిషను మీద అనుమానం లేదు.